తమ్ముడి గ్లవ్ సంగతి ఎవరూ అడగరేం?

‘ద క్యాచర్ ఇన్ ద రై’ నవల అనగానే మనవాళ్లకి తిరుగుబాటు గుర్తొస్తుంది. స్కూల్లోంచి గెంటేసిన పదహారేళ్ల హోల్డెన్ న్యూయార్క్‌లో తిరుగుతూ కనపడ్డ ప్రతివాణ్నీ నకిలీగాడని తిట్టుకుంటాడు, అంతే కథ అనేస్తారు. డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివినవాళ్లయితే హోల్డెన్ పెట్టుకునే ఎర్రటోపీ అంటే వ్యక్తిత్వం, చెరువులో బాతులంటే మార్పు, మ్యూజియం అంటే మారని బాల్యం అని జతపరచండి బిట్లలా గడగడా అప్పజెప్తారు. గైడ్ల చదువు.

నన్నడిగితే అమెరికన్ రచయిత శాలింజర్ 1951లో తెచ్చిన ఈ నవలలో తిరుగుబాటు పైపూత మాత్రమే, లోపలున్నది ఒక చావు. హోల్డెన్ తమ్ముడు ఆలీ 1946 జూలై 18న లుకేమియాతో పోయాడు. వాడికి పదకొండేళ్లు, వీడికి పదమూడు. ఆ రాత్రి హోల్డెన్ గరాజ్‌లో పడుకుని, కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉండటంతో తమ్ముడి అంత్యక్రియలకి కూడా వెళ్లలేదు. వాన పడితే ఆ చెయ్యి ఇప్పటికీ నొప్పెడుతుంది, పిడికిలి గట్టిగా బిగుసుకోదు. ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పి దాటేస్తాడు. మనమూ దాటేస్తాం.

ఆ వానని మాత్రం వదలకండి. అమ్మానాన్నలతో సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు రెండుసార్లు వాన పడింది. అక్కడికొచ్చిన జనమంతా పరుగెత్తి కార్లలో ఎక్కేశారు. వాళ్లిక రేడియో పెట్టుకుని ఎక్కడికో భోజనానికి పోవచ్చు, ఒక్క ఆలీ తప్ప. హోల్డెన్ తట్టుకోలేకపోయింది దాన్నే. సెంట్రల్ పార్కులో చెరువు గడ్డకట్టినప్పుడు బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీ డ్రైవర్లని వేధించడం కూడా ఇదే ప్రశ్న: చలికీ వానకీ బయట మిగిలిపోయినవాణ్ని ఎవరు చూసుకుంటారు? ఇప్పుడు చివరికి రండి. చెల్లెలు ఫీబీ రంగులరాట్నం ఎక్కింది, ఉన్నట్టుండి జోరున వాన. తల్లులూ తండ్రులూ అందరూ రాట్నం కప్పు కిందికి పరుగెత్తారు. హోల్డెన్ ఒక్కడే ఆ ఎర్రటోపీతో బెంచీ మీద కూర్చుని తడిసి ముద్దయ్యాడు, అదీ ఎంత సంతోషంగానో! ఆలీది ఎర్రజుట్టని మనకి ముందే చెప్పి ఉన్నాడు. సమాధుల దగ్గర అందరూ వదిలేసి పరుగెత్తిన ఆ వానలో, మూడేళ్లు ఆలస్యంగా, అన్న పరుగెత్తకుండా తమ్ముడితోపాటు తడిశాడు. ఈ నవల అమాయకత్వం పోవడం గురించి, అంటే లోకం చెడ్డదని తెలియడం గురించి అని చెప్పేవాళ్లు ఈ రెండు వానల్నీ పక్కపక్కన పెట్టి చదవలేదనే నేను అనుకుంటున్నా.

డబ్బున్నవాళ్ల పిల్లాడి సణుగుడుకి ఇంత విశ్లేషణ అవసరమా అనేవాళ్లున్నారు. వాడు సణిగే మాట నిజమే, కొన్నిచోట్ల నాకూ విసుగొచ్చింది. కానీ డబ్బుండబట్టే వాణ్ని సైకియాట్రిస్టుకి చూపించాలన్న ఆలోచన అమ్మానాన్నలకి వచ్చింది, స్కూలు తర్వాత స్కూలు మార్చే వెసులుబాటు దొరికింది. అయినా తమ్ముడి గురించి కూర్చుని మాట్లాడే మనిషి దొరకలేదు. అవేవీ లేని పిల్లల మాటేంటి మరి?

విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి పోరంకి వైపో, గూడవల్లి వైపో వెళ్లండి, హాస్టళ్ల నిండా హోల్డెన్ వయసువాళ్లే. మనింట్లో ఎవరైనా పోతే పిల్లల్ని ఏం చేస్తాం? జడుసుకుంటారని శవాన్ని చూడనివ్వం, పక్కింట్లో కూర్చోబెట్టి టీవీ పెడతాం. కాస్త పెద్దవాడైతే ‘నువ్వే ఇలా అయిపోతే అమ్మనెవరు చూస్తార్రా’ అని వాడి ఏడుపు నోట్లోనే కుక్కేస్తాం. మా బంధువుల్లో ఒక కుర్రాడికి ఇంటర్ సెకండియర్‌లో తండ్రి పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే, గుండు మీద టోపీతో, హాస్టల్లో దింపేసి వచ్చారు. అక్కడివాళ్లు అడిగిన మొదటి మాట ఎన్ని వీకెండ్ టెస్టులు పోయాయని. క్లాసులో టోపీ తీసేయమన్నారట, రూల్ కదా. ఏపీలో ఎంసెట్ 2021లో ఈఏపీసెట్ అయింది గానీ, స్టడీ అవర్ల టెన్షన్‌లో తేడా ఏముంది? ఆ వయసులో పిల్లలు ఎందుకు ఉన్నట్టుండి మొండికేస్తారో, ఎందుకు గోడ దూకి పోతారో, కొన్నిసార్లు అంతకంటే ఘోరం ఎందుకు చేసుకుంటారో తర్వాత చర్చలు పెడతాం. మార్కుల ఒత్తిడి ఒక్కటే అని తేల్చేస్తాం.

హోల్డెన్‌కి కనీసం ఒక కాగితం దొరికింది. రూమ్మేట్ తన ఇంగ్లిష్ వ్యాసం రాసిపెట్టమంటే, ఏ గది గురించో రాయాల్సింది పోయి తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ గురించి రాశాడు. ఫీల్డింగ్‌లో ఉండగా బ్యాటింగ్‌కి ఎవరూ రాని వేళ చదువుకోవడానికని ఆలీ దాని మీద ఆకుపచ్చ ఇంకుతో పద్యాలు రాసుకున్నాడు. రూమ్మేట్ చదివి, అడిగిందేంటి నువ్వు రాసిందేంటని విసుక్కున్నాడు. హోల్డెన్ అక్కడికక్కడే చించేశాడు. నా దృష్టిలో నవల మొత్తానికీ గుండెకాయ ఆ చిరిగిన కాగితం. మనవాళ్లకి ఆ కాగితమైనా ఏది? తెలుగు వదిలేసి, తేలిగ్గా మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుంటారు, ఇంగ్లిష్‌లో ఉత్తరాలు గైడ్ చూసి బట్టీ పడతారు. నీకు పోయినవాళ్ల వస్తువు ఒకటి తీసుకుని ఒక పేజీ రాయి అని అడిగే ప్రశ్న ఇంటర్‌లో పెట్టమని అడిగి చూడండి, కాలేజీలకంటే ముందు మన తల్లిదండ్రులే లేస్తారు: ‘దానికి మార్కులెలా వేస్తారండీ?’