గుప్పిట విప్పని చైనా

2025లో చైనాలో పాత వాషింగ్ మెషీన్ ఇచ్చేసి కొత్తది తీసుకుంటే ధరలో 15 శాతం సర్కారే భరించింది. కరెంటు బాగా ఆదా చేసే రకమైతే 20 శాతం. ఒక్కో వస్తువుకు 2,000 యువాన్లు మించకూడదన్నారు. ఈ మార్పిడి పథకానికి 2024లో 15,000 కోట్ల యువాన్లు, 2025లో దానికి రెట్టింపు కేటాయించారు. షాపులు కళకళలాడాయి. కానీ వాషింగ్ మెషీన్ ఏటా కొనే వస్తువు కాదు. ఈ ఏడు రాయితీ మీద కొన్నవాడు వచ్చే ఏడు షాపు గడప తొక్కడు. 2025 ద్వితీయార్ధంలో రిటైల్ అమ్మకాల జోరు తగ్గిపోవడంలో వింతేమీ లేదు.

ఎగుమతులు, కట్టడాల మీద కాకుండా జనం ఖర్చు మీద ఆర్థిక వ్యవస్థ బండి నడవాలన్న మాట బీజింగ్‌లో పాతదే. వృద్ధి తీరులో స్థిరత్వం, సమతుల్యం లేవని 2007లోనే అప్పటి ప్రధాని వెన్ జియాబావో ఒప్పుకున్నారు. ఏడాది తిరగ్గానే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. 4 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో పెద్ద వాటా మళ్లీ రోడ్లకూ, రైలు మార్గాలకే. నేటికీ జీడీపీలో కుటుంబాల వినియోగం 40 శాతం దగ్గరే ఉంది. అమెరికాలో అది దాదాపు మూడింట రెండు వంతులు. మరోవైపు 2025లో చైనా వాణిజ్య మిగులు లక్ష కోట్ల డాలర్లు దాటింది.

చైనావాళ్లు పుట్టుకతోనే పీనాసులని తేల్చేయడం తేలిక. ఆ మాట మేం ఒప్పుకోం. నగరంలో పదేళ్లుగా ఇటుకలు మోస్తున్నా, హుకౌ అనే నివాస రిజిస్ట్రేషన్ పల్లెలోనే ఉండిపోయిన కూలీకి ఆ నగరంలో పిల్లల చదువూ వైద్యమూ పూర్తిగా దక్కవు. ఊళ్లో ఉన్న ముసలి తండ్రికి వచ్చే కనీస పెన్షన్‌ను 2025లో 20 యువాన్లు పెంచారు. పెంచాక అది నెలకు 143. అలాంటి ఇంట్లో కొడుకు డబ్బు దాచక ఏం చేస్తాడు? నగరాల్లోని మధ్యతరగతి బాధ ఇంకో రకం. జీవితకాలపు కూడబెట్టంతా ఫ్లాట్లలో పెట్టారు. 2021లో ఎవర్‌గ్రాండ్ అనే భారీ రియల్ ఎస్టేట్ సంస్థ చేతులెత్తేశాక ఇళ్ల ధరలు జారుతూనే వచ్చాయి. ఫ్లాటు విలువ తగ్గిందని తెలిసినవాడు జీతం తగ్గకపోయినా హోటల్ బిల్లు చూసుకుంటాడు.

కుటుంబాల వాటా పెరగాలంటే ఇంకెవరిదో తగ్గాలి. బ్యాంకులో డబ్బు దాచుకున్నవాడికి తక్కువ వడ్డీ ఇచ్చి, ఫ్యాక్టరీకి చౌకగా అప్పిచ్చిన పద్ధతి ఇది. ప్రభుత్వ సంస్థల లాభాలు పెన్షన్ నిధికి మళ్లాలి. స్థానిక ప్రభుత్వాలు మరో పారిశ్రామిక పార్కు మానుకుని ఆస్పత్రికి ఖర్చు పెట్టాలి. రాయితీ కూపన్ పంచితే ఎవరికీ నష్టం లేదు కాబట్టే కూపన్లు వస్తున్నాయి. 2025 జులైలో మూడేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 యువాన్ల సాయం ప్రకటించడం మంచి అడుగే, చిన్నదైనా.

వ్యాపారాల సంగతేంటి? 140 కోట్ల మంది తలా ఒకటి కొంటే చాలన్న పగటికల బోర్డు రూముల్లో ఇంకా నడుస్తోంది. కాఫీ కథ వింటే అది చెదిరిపోవాలి. 9.9 యువాన్లకే కప్పు ఇచ్చిన స్థానిక లకిన్ సంస్థ, 2023లో చైనా అమ్మకాల్లో స్టార్‌బక్స్‌ను దాటేసింది. 2025 నవంబరులో స్టార్‌బక్స్ తన చైనా వ్యాపారంలో 60 శాతం దాకా స్థానిక పెట్టుబడి సంస్థ బోయుకు అమ్మేందుకు ఒప్పుకుంది. జనం కాఫీ మానలేదు, ఎక్కువ డబ్బు పెట్టడం మానేశారు. ఎలక్ట్రిక్ కార్లలోనూ ధరల యుద్ధమే. వినియోగం పెరిగినా మార్జిన్ పెరుగుతుందని ఎవరూ లెక్కేసుకోవద్దు. పెరిగే ఖర్చు కూడా వస్తువుల కంటే ప్రయాణాలు, వైద్యం, వృద్ధుల సంరక్షణ వంటి సేవల వైపు మళ్లే అవకాశమే ఎక్కువ. ఇనుప ఖనిజం, సిమెంటు యంత్రాలు అమ్మేవాళ్లకైతే ఈ మార్పు విజయవంతమైనా గిరాకీ తగ్గుతుంది.

ఈ మార్పు నిజమో కాదో తెలుసుకోవడానికి ఏటా ఆన్‌లైన్ షాపుల్లో జరిగే నవంబరు 11 డిస్కౌంట్ సేల్ అంకెలు పనికిరావు. ఏటా మార్చిలో చైనా పార్లమెంటు ముందుకొచ్చే ప్రభుత్వ నివేదికలో ఆ పల్లె పెన్షన్ ఎంత పెరిగిందో చూడండి. షాపు లీజు మీద సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.