మామగారి అభిప్రాయానికో గడి

జపాన్ పౌరసత్వం కోరే తెలుగువాడు హోముక్యోకు అనే న్యాయ వ్యవహారాల కార్యాలయానికి సమర్పించే కాగితాల్లో 'బంధువుల వివరాలు' అని ఒక పత్రం ఉంటుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అత్తమామలు, ఒక్కొక్కరికీ పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా రాశాక పక్కన చిన్న గడులు. వీరితో రాకపోకలు ఉన్నాయా, లేవా? మీరు జపాన్ పౌరుడు కావడంపై వీరి అభిప్రాయం ఏమిటి: సమ్మతమా, వ్యతిరేకమా, ప్రత్యేకించి ఏమీ లేదా?

ఇంత దూరదృష్టి గల ప్రశ్నను మన దేశంలో ఏ ప్రభుత్వమూ అడిగిన పాపాన పోలేదు. పాస్‌పోర్టుకీ అడగరు, రేషన్ కార్డుకీ అడగరు. మామగారి అభిప్రాయం తెలుసుకోకుండా అల్లుడి విషయంలో నిర్ణయం తీసుకోరాదని గుర్తించిన తొలి ప్రభుత్వం జపాన్‌దేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పత్రంలో లోపమల్లా మూడో గడే. ఏ విషయంలోనైనా "ప్రత్యేకించి అభిప్రాయం లేదు" అనే మామగారు తెలుగునాట ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఆ పుట్టుకకు ధ్రువపత్రం దొరకదు.

రాకపోకల గడి కూడా కొంత ఇరుకే. పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకున్న అన్నయ్యతో రాకపోకలు ఉన్నట్టా, లేనట్టా? వాళ్లమ్మాయి పెళ్లికి వెళ్లాం, అక్షింతలు వేశాం, భోజనం మాత్రం చెయ్యకుండా వచ్చేశాం. దీనికి టిక్కు ఎక్కడ పెట్టాలో టోక్యోలో కూర్చున్న అధికారి చెప్పలేకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

ఇక పుట్టుక. జనన మరణాల నమోదు చట్టం మనకు 1969లోనే వచ్చింది. ఆ కబురు ఊళ్లో మంత్రసానికి చేరవేసినవారు లేరు. పుట్టింటి పురుట్లో భూమ్మీద పడ్డ పిల్లవాడికి తేదీ కావలసి వచ్చేది బళ్లో వేసినప్పుడు. అప్పుడు హెడ్మాస్టరుగారు పిల్లవాణ్ని ఎగాదిగా చూసి, జూన్‌లో ఒక మంచి రోజు వేసేవారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో, ఆధార్‌లో నడుస్తున్నది ఆ జూనే. అమ్మ లెక్క వేరు: రుధిరోద్గారి నామ సంవత్సరం, శ్రావణం, పెద్ద వాన. జపాన్ లెక్క ఇంకోటి, చక్రవర్తి హయాం పేరుతో: షోవా 58. ఏళ్లను పేర్లతో పిలుచుకునే రెండు జాతులూ ఎదురుపడి, చివరికి ఎవరిదీ కాని 1983 దగ్గర రాజీపడతాయి.

ధ్రువపత్రం లేనివారికి మన ప్రభుత్వం మరో పత్రం ఇస్తుంది: మీ జననం మా రిజిస్టరులో లేదు అని. లేదనడానికి రుజువు ఇచ్చి, దాని మీద సంతకమూ ముద్రా వేసే సౌకర్యం ఉన్న దేశం మనది. దీన్ని జపనీస్‌లోకి అనువదించి, కింద అనువాదకుడి పేరు, చిరునామా, తేదీ రాయాలి. అనువాదకుడికి పట్టాలూ పరీక్షలూ అక్కర్లేదు, దరఖాస్తుదారుడే చేసుకోవచ్చు. తాను పుట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదన్న సంగతిని తానే స్వహస్తాలతో జపనీస్‌లో రాసి, తానే సంతకం పెట్టి, రెండు ప్రతులు సమర్పించడమన్నమాట. వేదాంతంలో ఈ స్థితికి చేరడానికి మన పెద్దలు అడవులకు వెళ్లారు.

ఇదంతా వేధింపు అని కొందరు కుర్రాళ్లు, టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి కిరాణా కొట్ల ముందు గొణుగుతుంటారు. వారికి కొసెకి గురించి తెలియదు. జపాన్‌లో 1872 నుంచి ప్రతి కుటుంబానికీ ఒక రిజిస్టరు. పుట్టుక, పెళ్లి, చావు, అన్నీ అందులోనే. కొత్త పౌరుడికి కొత్త రిజిస్టరు తెరవాలి. అందులో అమ్మానాన్నల పేర్లే కాదు, మీరు వారికి పెద్ద కొడుకో, రెండో కొడుకో కూడా రాయాలి. అందుకే అమ్మానాన్నల పెళ్లి పత్రం అడుగుతారు, తోబుట్టువుల లెక్క అడుగుతారు, ఫలానా ఫలానా మా పిల్లలు, ఈ వరుసలో పుట్టారు అని కన్నవారి చేత రాతపూర్వకంగా చెప్పించుకుంటారు. నలుగురు పిల్లల్ని కన్న తల్లిని, వారే తన పిల్లలని సంతకం పెట్టమంటే ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని అడిగేది ఒక్కటే: "ఎవరన్నా కాదన్నారా?"

పెళ్లి పత్రం మరో ఘట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. అంతకు ముందు పెళ్లికి రుజువు ఊరంతా తిన్న భోజనం. కనుక అరవై దాటిన దంపతులు మనవళ్లను వెంటేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, శుభలేఖా ఫొటోలూ సాక్షులనూ చూపించి, తాము దంపతులమని ప్రభుత్వానికి తెలియజేసుకుంటున్నారు. "ఈ వయసులో ఎందుకండీ?" అని గుమాస్తా అడిగితే, "జపాన్‌లో అడుగుతున్నారు" అనేది సమాధానం. జపాన్‌లో ఎవరికి అనుమానం వచ్చిందో ఆయన మరి అడగడు.

పేర్ల సంగతికి వస్తే, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ముడుచుకుని పడుకున్న ఇంటిపేరు పాస్‌పోర్టుకి వచ్చేసరికి ఒళ్లు విరుచుకుంటుంది. అమ్మకు పట్టాదారు పాసుపుస్తకంలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. మందు మన దగ్గరే ఉంది: నోటరీ అఫిడవిట్. ఈ ఇద్దరూ ఒక్కరే అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేస్తే సరి. అద్వైతాన్ని ఇంత చవగ్గా ఎవరూ ప్రతిపాదించలేదు.

మనవాడు నిజంగా రాణించేది పటం దగ్గర. ఇంటి చుట్టుపక్కల, ఆఫీసు చుట్టుపక్కల ఎలా ఉంటుందో గీసి ఇవ్వాలి. టోక్యోలో చాలా వీధులకు పేర్లుండవు. తక్కినవారికి ఇది చిక్కు. "రావిచెట్టు దాటాక ఎడం పక్క, మిల్లు ఎదురుగా" అనే శాస్త్రంలో పెరిగినవాడికి స్టేషను, సెవెన్ ఇలెవెన్, పళ్ల డాక్టరు చాలు.

చేత్తోనే రాయాల్సిన పత్రం ఒకటుంది: ఎందుకు జపాన్ పౌరుడు కావాలనుకుంటున్నారు? టైపు కొడితే చెల్లదు. 1915లో బ్రిటిష్ వారి నుంచి తప్పించుకొచ్చి, 1923లో జపాన్ పౌరుడైన విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌కు కారణం వెతుక్కునే అవసరం ఉండి ఉండదు. మనవాడి అసలు కారణం, జపాన్ పాస్‌పోర్టు ఉంటే అక్కర్లేని యూరప్ వీసా అపాయింట్‌మెంటు. అది రాయలేడు కాబట్టి చెర్రీ పూలు, శుభ్రత, సమయానికొచ్చే రైళ్లు రాస్తాడు. పదో తరగతిలో గైడు చూసి 'నా అభిమాన నాయకుడు' రాసినవాడికి ఇది కొత్త విద్య కాదు.

చెప్పడం మరిచాను, దరఖాస్తుకు రుసుము లేదు. చెయ్యి తడపడమూ లేదు. ఈ రెండూ లేని ఆఫీసులో ఫైలు ఎలా కదులుతుందని మామగారి సందేహం. మామూలుగా ఏడాది పడుతుందంటే ఆయనకు కొంత ఊరట.

చివరికి అనుమతి వస్తుంది. పేరు ప్రభుత్వ గెజిట్‌లో పడుతుంది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, జపానూ ఒప్పుకోదు. కనుక భారత పాస్‌పోర్టు అప్పగించి, పరాయి పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు కోసం మరో కట్ట కాగితాలు మొదలుపెట్టాలి. ఈలోగా కొత్త కొసెకిలో 'హొన్సెకి' రాయించాలి, అంటే కుటుంబానికి మూలస్థానం. పుట్టిన చోటు, చదివిన చోటు, అద్దెకున్న ప్రతి గదీ సంవత్సరం నెలతో సహా రాయించుకున్న దేశం ఏ రుజువు అడుగుతుందోనని మనవాడు ఫైలు గుండెకు హత్తుకుని వార్డు ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడతాడు. రుజువేమీ అక్కర్లేదట. అక్కడ ఉండనక్కర్లేదు, ఎన్నడూ ఉండి ఉండనక్కర్లేదు. జపాన్‌లో మీకు నచ్చిన చోటు ఏదైనా రాసుకోవచ్చు. చక్రవర్తి నివసించే రాజప్రాసాదం చిరునామానే రాసుకున్న జపనీయులు చాలామంది ఉన్నారు.