డెట్రాయిట్ మునిగింది, పిట్స్‌బర్గ్ తేలింది: ఈ ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

మా గ్రూపుల్లో రెండు మూడు నెలలకోసారి తిరిగొచ్చే ఫార్వర్డ్ ఒకటుంది. ఒక పక్క కిటికీలు పగిలిన పాత ఫ్యాక్టరీ ఫోటో, ఇంకో పక్క నదుల మధ్య మెరిసే భవనాలు. కింద రాసింది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో రెండు నగరాలు, వాటిలో డెట్రాయిట్ కార్లనే నమ్ముకుని, పెన్షన్లకు దోచిపెట్టి, 1967 అల్లర్లతో ఖాళీ అయిపోయి, దివాలా తీసింది. పిట్స్‌బర్గ్ ఉక్కు పోగానే తెలివిగా ఆస్పత్రులకూ కంప్యూటర్లకూ మారి బతికిపోయింది. హైదరాబాద్ ఏ దారి పడుతుందో చూసుకోండి, అని చివర ఒక చురక.

ముందు "పిట్స్‌బర్గ్ బతికిపోయింది" అన్న మాట చూద్దాం. 1950లో ఆ నగర జనాభా 6.77 లక్షలు, 2020లో 3.03 లక్షలు. డెట్రాయిట్‌ది 18.5 లక్షల నుంచి 6.39 లక్షలకు పడింది. అంటే వందకు 65 మంది తగ్గితే మునిగినట్టు, 55 మంది తగ్గితే తేలినట్టు! 1983 మొదట్లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో నిరుద్యోగం 17 శాతం దాటింది. తర్వాత తగ్గిన మాట నిజమే. పనిచేసే వయసు వాళ్లు పెట్టే బేడా సర్దుకుని ఊరు విడిచి పోవడం కూడా అలా తగ్గడానికి ఒక కారణం. 2003 డిసెంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈ నగరాన్ని ఆర్థికంగా చితికిపోయిందని ప్రకటించి తన పర్యవేక్షణలో పెట్టుకుంది. ఆ పర్యవేక్షణ 2018 ఫిబ్రవరి దాకా సాగింది. డెట్రాయిట్ 2013 జులైలో దివాలా పిటిషన్ వేసి 2014 డిసెంబరులో బయటపడేసరికి, పిట్స్‌బర్గ్ ఇంకా రాష్ట్రం చేతికిందే ఉంది.

అయినా రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. తేడా ఎక్కువగా నగరం సరిహద్దు గీతలో ఉంది. డెట్రాయిట్ దాదాపు 360 చదరపు కిలోమీటర్లు, పిట్స్‌బర్గ్ అందులో సగం కూడా లేదు. డెట్రాయిట్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీలు, ఖాళీ అయిన వీధులు చాలావరకు గీత లోపల, డబ్బున్న శివార్లు గీత బయట. ఫోర్డ్ హెడ్డాఫీసు ఉన్న డియర్‌బోర్న్ కూడా వేరే ఊరే. నోవై, ట్రాయ్ లాంటి శివారు ఊళ్లలో ఇల్లు కొనుక్కుని "మాది డెట్రాయిట్" అని చెప్పుకునే మా బోటివాళ్లం కట్టే ఇంటి పన్నులో నయాపైసా డెట్రాయిట్ నగరానికి వెళ్లదు.

పిట్స్‌బర్గ్‌లో ఇదే తిరగబడింది. ఉక్కు కూలినప్పుడు ఎక్కువ దెబ్బతిన్న హోమ్‌స్టెడ్, డ్యుకేన్, మెకీస్‌పోర్ట్, బ్రాడక్ వేరే మున్సిపాలిటీలు. వాటి కష్టం పిట్స్‌బర్గ్ లెక్కల్లోకి రాదు. మనం "పిట్స్‌బర్గ్ గుడి" అనే వెంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది కూడా పక్కనున్న పెన్ హిల్స్‌లో. దర్శనం అయ్యాక కారులో కొంచెం దూరం పోతే హోమ్‌స్టెడ్ వస్తుంది. 1986లో మిల్లు మూసేసిన చోట ఇప్పుడు పెద్ద షాపింగ్ సెంటర్. కార్లు, దుకాణాల మధ్య ఇటుక పొగగొట్టాలు పన్నెండు వరసగా నిలబడి ఉంటాయి. వాటి కింద మిల్లు లేదు.

ఇక డెట్రాయిట్‌లో నల్లవాళ్లకూ పోలీసులకూ మధ్య జరిగిన 1967 అల్లర్ల సంగతి. 43 మంది చనిపోయారు, చిన్న విషయం కాదు. కానీ 1950 నుంచి 1960 లోపలే డెట్రాయిట్ దాదాపు 1.8 లక్షల మందిని పోగొట్టుకుంది. 1947-63 మధ్య పోయిన ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1.34 లక్షలు. ఊరొదిలి ఎవరు పోవచ్చో, ఎవరు ఉండిపోవాలో కూడా ముందే తేల్చి పెట్టారు. డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఇళ్ల పెరళ్ల వెనక ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. నల్లవాళ్ల ఇళ్ల పక్కన కట్టే కొత్త కాలనీ లోన్లకు ప్రభుత్వం హామీ ఇవ్వనంటే, 1941లో ఒక బిల్డర్ మధ్యలో ఈ గోడ లేపాడు. హామీ వచ్చేసింది. గోడ ఇప్పటికీ అక్కడే ఉంది, కొంత మేర రంగులు వేసి బొమ్మలు గీశారు.

పెన్షన్ల గురించి రెండు ముక్కలు చాలు. దివాలా నాటికి పోలీసు, ఫైర్ సిబ్బంది కాని నగర ఉద్యోగుల సగటు పెన్షన్ ఏడాదికి 19 వేల డాలర్ల దగ్గర ఉండేది. దానికీ కోత పెట్టారు. అవినీతి లేదా అంటే ఉంది, ఒకప్పటి డెట్రాయిట్ మేయర్ క్వామీ కిల్‌పాట్రిక్ జైలుకు వెళ్లాడు. ఫార్వర్డ్ రాసినాయన ఆ పేరు ఎత్తి ఉంటే ఈ ఒక్క చోటైనా తలూపేవాణ్ణి.

హైదరాబాద్‌తో పోలికా? 2007లో శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి సహా 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. దాంతో అప్పట్లో మాదాపూర్ పన్ను, పాతబస్తీ రోడ్డు ఒకే ఖాతాలోకి వచ్చాయి. డెట్రాయిట్‌కు దొరకనిది ఇదే. హైదరాబాద్ గురించి భయపెట్టాలంటే ఇంకో ఉదాహరణ వెతుక్కోవాలి.

ఇక పిట్స్‌బర్గ్ "తెలివిగా మారింది" అన్నది. కంప్యూటర్లలో ఆ ఊరికి పేరు తెచ్చిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి మూలమైన విద్యాసంస్థను ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1900లోనే ఉక్కు డబ్బుతో పెట్టాడు. మిల్లులు పోయాక తట్టిన ఉపాయం కాదది. మిషిగన్ యూనివర్సిటీ పుట్టింది డెట్రాయిట్‌లోనే, 1837లో యాన్ ఆర్బర్‌కు తరలిపోయింది. మళ్లీ గీత బయటకే.

ఆస్పత్రుల మాటకొస్తే బ్రాడక్ చూడాలి. 1875లో మొదలైన ఎడ్గర్ థామ్సన్ మిల్లులో ఇప్పటికీ ఉక్కు తయారవుతోంది. ఒకప్పుడు 20 వేల మంది ఉన్న ఊరు, 2020లో రెండు వేలు కూడా లేరు. ఊళ్లో ఉన్న ఆస్పత్రిని 2010 జనవరిలో మూసేశారు. దాన్ని నడిపింది పిట్స్‌బర్గ్‌లోని పెద్ద ఆస్పత్రుల సంస్థ యూపీఎంసీ (UPMC). ఫార్వర్డ్‌లో వచ్చే ఆ మెరిసే ఫోటోను కాస్త పెద్దది చేసి చూడండి, అన్నిటికంటే ఎత్తైన భవనం నెత్తిన ఉండేది ఆ నాలుగు అక్షరాలే.