ఒక్క మిట్టను చదును చేయబోయి

మా చెట్లతోపు నడుమ సాగే కాలిబాటలో ఒకే ఒక మిట్ట ఉండేది. ప్రతి ఉదయం నడకకు వచ్చే మా బావగారి కాలు తప్పకుండా దానికే తట్టుకునేది, ఆయన తప్పకుండా నన్నే తిట్టేవారు. వెనుక నాలుగడుగుల బాక్స్ బ్లేడు (మట్టిని గీకి పోగుచేసే, పళ్లున్న ఇనుప పెట్టె) తగిలించిన మినీ ట్రాక్టరు చేతికి అందిన నాడు, ఆ మిట్టకు నూకలు చెల్లాయని నేను ఇంటిల్లిపాదికీ ప్రకటించాను.

బ్లేడు దించడం, ముందుకు పోవడం. చదును చేయడమంటే ఇంతే కదా అనుకున్నాను. అయితే మినీ ట్రాక్టరు పొట్టిది. దాని ముందు చక్రాలు మిట్ట ఎక్కి ముక్కు పైకి లేచిన క్షణాన, వెనుక ఇరుసుకు ఆవల వేలాడే బ్లేడు తక్కెడలోని రెండో తట్టలా కిందికి దిగి, ఎవరూ అడగని చోట గొయ్యి తవ్వుతుంది. ముందు చక్రాలు అవతలికి దిగి వెనుక చక్రాలు మిట్ట ఎక్కేసరికి అదే బ్లేడు పైకి లేచి, అంతవరకూ పోగుచేసిన మట్టినంతా అక్కడే కుప్పగా వదిలేస్తుంది. మరుసటి దఫాలో చక్రాలు ఆ కొత్త గోతిలో దిగి, కొత్త కుప్ప ఎక్కి, అదే పాఠాన్ని ఇంకొంచెం ముందుకు వెళ్లి వల్లెవేస్తాయి. ప్రతి కుదుపుకూ లివరు ఎత్తుతూ దించుతూ సరిచేద్దామని చూశాను గాని, నా చేయి ఎప్పుడూ ఒక మిట్ట వెనుకబడే ఉండేది. నాలుగు దఫాలు తిరిగేసరికి ఆ ఒక్క మిట్ట పదకొండుగురి కుటుంబమైంది.

లోపం టాప్ లింకులో, అంటే బ్లేడును పైభాగాన ట్రాక్టరుకు కలిపే కడ్డీలో, ఉందని తేల్చుకున్నాను. దానిని పొడిగిస్తే బ్లేడు వెనక్కి వాలి మట్టిని సర్దుకుంటూ పోతుంది, కుదిస్తే ముందుకు వంగి పళ్లు నేలలోకి దిగుతాయి. నేను కుదించాను. పది గజాలు పోయేలోగా పళ్లు ఒక వేరును పట్టుకోగా, ముందు చక్రాలు జానెడెత్తు లేచాయి, ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది, నేను స్టీరింగును కౌగిలించుకున్నాను. చెట్ల వేళ్లలో అధిక భాగం పై రెండడుగుల మట్టిలోనే అడ్డంగా పరుచుకుని ఉంటుందని అప్పుడు గాని తెలియలేదు. (చిన్నప్పుడు పలక మీద మేమంతా వేళ్లను పాతాళం దాకా నిటారుగా గీసేవాళ్లం.)

ఆ రాత్రి వాన కురిసింది. బాట నడుమ కాస్త ఉబ్బుగా, పక్కలకు వాలుగా ఉంటేనే నీరు జారిపోతుంది. నేనేమో మట్టిని రెండంచులకూ గట్లుగా చేర్చి, నడుమ చక్కని కాలువను సిద్ధం చేసి ఉంచాను. తెల్లవారేసరికి పదకొండు మిట్టల మధ్య పది మడుగులు నిండుగా మెరుస్తున్నాయి.

బావగారు వచ్చి, బాటను ఈ చివర నుంచి ఆ చివర దాకా పరికించి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నారు.

"ఇదివరకు కాలు ఎక్కడ తట్టుకుంటుందో ముందే తెలిసేదయ్యా" అన్నారు.