నల్ల అట్ట థీసిస్ గారికి బైండింగ్ షాపు వాడు రాసుకునే లేఖ

మహారాజశ్రీ పీహెచ్‌డీ థీసిస్ గారికి,

తిరుపతిలో యూనివర్సిటీ ఎదురు సందులో జిరాక్స్, స్పైరల్, హార్డ్ బైండింగ్ షాపు వాడు దండం పెట్టి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, తమరు కూడా బీరువాలో క్షేమమే అనుకుంటా ఉన్నా, తాళంచెవి అటెండరు జేబులో ఉన్నంతకాలం తమరి క్షేమానికి ఏ లోటూ రాదు.

నన్ను మరిచిపోయుంటారు. తమరి నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టింది నేనే. తమరి ప్రతి పేజీ మీద వేలు పెట్టిన మనిషి కూడా బహుశా నేనొక్కడినే, నంబర్లు వరసగా ఉండాయా లేదా చూసుకోవాలి గదా. గైడు సారు సంతకం పేజీ చూస్తాడు, బయట యూనివర్సిటీ నుంచి దిద్దే ఎక్స్‌టర్నల్ గారు రిఫరెన్సుల్లో తన పేరు వచ్చిందా అని చూస్తాడు, ఇంటోళ్ళు అక్నాలెడ్జ్‌మెంట్ చూస్తారు. అక్నాలెడ్జ్‌మెంట్ నేనూ చదువుతా, తమరు మనిషి మాదిరి మాట్లాడేది ఆ రెండు పేజీల్లోనే. అమ్మ, నాయన, హాస్టల్లో ప్లేటు పంచుకున్న రూమ్మేటు, ఎనుము అమ్మి ఫీజు కట్టిన మేనమామ, అందరూ ఉంటారు. పేజీ తిప్పి ఇంట్రడక్షన్ లోకి రాంగానే ఆ రాసిన పిల్లోడు యాడికి పోతాడో తెలీదు, ఇంక అక్కడినుంచి అంతా ఎవురో చేసినట్టు, ఏదో గమనించబడినట్టు, ఎవరికీ పట్టనట్టు నడుస్తుంది.

నేను బీఎస్సీ రెండో సంవత్సరంలో ఆపేసినోడిని, మాట్లాడే అర్హత లేదంటే ఒప్పుకుంటా. కానీ ఇరవై ఏండ్లుగా తమరి వంశాన్ని కుట్టి, గుడ్డ అంటించి, ప్రెస్‌లో పెట్టి బిగించినోడిని. తమరిలో ఉండేదంతా మా సంగతే సామీ! అదే నా బాధ. అమెరికా సంగతి రాసుకుని బీరువాలో పడుకుంటే నాకేం పోయె. శేషాచలం కొండల్లో ఎర్రచందనం, మా శెనక్కాయ చేను, మా బోరు నీళ్ళు, మా నెత్తిన గాలి, ఇవన్నీ తమరి కడుపులో పెట్టుకుని మాకే చెప్పకుండా కూర్చున్నారు.

ఘాట్ రోడ్డు సంగతే చూడండి. కొండ మీదికి బస్సు ఎక్కినోళ్ళు మలుపు మలుపుకీ వాంతి కవరు వెతుక్కుంటా పోయే ఆ రోడ్డు పక్కనే కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, ఆ రెండు రాళ్ళూ తగులుకునే గీత దగ్గర భూమి చరిత్రలో కోట్ల ఏండ్ల పేజీలు చిరిగిపోయి ఉండాయి, తక్కువ లెక్క వేసినా 50 కోట్ల ఏండ్లు. నా బైండింగులో రెండు పేజీలు మిస్సయితే ఎంత గొడవ చేస్తారో, అక్కడ అన్ని కోట్ల ఏండ్లు మిస్సయితే ఎవురూ అడగరు. పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంట. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించినారు, సంతోషం. ఆ పేరు ఘాట్ రోడ్డులో దినామూ బండి తోలే మా బావమరిదికి చెప్తే "ఏ కంపెనీ టైరు అది" అన్నాడు. వాడిది తప్పు కాదు.

గాదంకి అంటే మాకు టోల్ గేటు. చిత్తూరు పక్కకి పోతా అక్కడ ఆగి ఫాస్టాగ్ పని చేయలేదని కొట్లాడతామే, ఆ ఊర్లోనే ఒక రాడార్ ఉంది, 1024 యాంటెన్నాలు, 32 వరసల్లో వరసకి 32, మడి కట్టి నాటినట్టు. 80 కిలోమీటర్ల పైదాకా గాలి ఎట్ల కదులుతుందో చూస్తుంది. ఆ రాడార్ లెక్కల మీద వచ్చిన థీసిస్‌లు నేను కుట్టినవే ఉండాయి. రైతు మాత్రం ఆకాశం కల్లా చూసి, యూట్యూబులో ఎవడో చెప్పింది విని విత్తనం వేస్తా ఉండాడు.

అన్నీ ఇట్లే అంటే అబద్ధం అవుతుంది. 1970లలో కాళహస్తి పక్క శెనక్కాయకి ఒక రోగం వచ్చింది, కాయ గిడసబారి తొక్క నల్లబడేది, నేల్లో ఉండే కంటికి కనపడని నులిపురుగు పని అని సైంటిస్టులు తేల్చినారు. ఆ పురుగు లాటిన్ పేరు నాకు నోరు తిరగదు, తిరగాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ రోగానికి కాళహస్తి తెగులు అనే పేరు పెట్టినారు. తట్టుకునే విత్తనం తీసి దానికి కూడా కాళహస్తి అనే పేరు పెట్టినారు. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు నారాయణి, ధరణి అని శెనక్కాయ రకాలు వదిలినారు, మా పెద్దమ్మ ఆ పేర్లు మనవరాళ్ళ పేర్లు చెప్పినట్టు చెప్తుంది. అక్కడ పరిశోధన గోతాములో వచ్చింది, తమరి మాదిరి బీరువాలో పోలేదు.

ఇప్పుడు శోధ్‌గంగ అని థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు ఉంది, అందులో పెట్టినాం, ఎవురైనా ఫ్రీగా చదువుకోవచ్చు అంటారు. తిరుపతోళ్ళకి తెలిసిన గంగలు రెండే అయ్యా, ఒకరు తాతయ్యగుంట గంగమ్మ, ఇంకొకటి తెలుగుగంగ. గంగమ్మ జాతరకి వేషం కట్టుకుని మన వీధిలోకే వస్తుంది, తెలుగుగంగ కుళాయిలోకి వచ్చింది. ఈ మూడో గంగ గాంధీనగర్‌లో సర్వర్ లోనే ఉంది, దిగి రాలేదు. దిగొచ్చినా ఇంగ్లీషులో ప్రవహిస్తుంది.

పేపరోళ్ళ సంగతి వేరే. జిల్లా ఎడిషన్‌లో "ఫలానా వారికి డాక్టరేట్" అని ఫోటోతో వేస్తారు, ఊరి పేరు ఉంటుంది, గైడు పేరు ఉంటుంది, అభినందించిన ప్రిన్సిపాల్, తోటి అధ్యాపకులు, బంధుమిత్రులు వరసగా ఉంటారు, ఏమి కనిపెట్టినాడు అనేది మాత్రం ఉండదు. టైటిల్‌ని తెలుగు అక్షరాల్లో దించేసి "సింథసిస్ అండ్ క్యారెక్టరైజేషన్ ఆఫ్" అంటా మొదలుపెట్టి "అనే అంశంపై" అని ముగిస్తారు. తెలుగు చేస్తే ఇంకా భయం, "భూగర్భ జల నాణ్యతా మదింపు" అంటారు, దానికంటే ఇంగ్లీషే నయం. స్కూల్లో నేర్చుకున్న కిరణజన్య సంయోగక్రియ నాకు ఇప్పటికీ తప్పు లేకుండా పలకడం వచ్చు, లోపల ఏం జరుగుతుందో మాత్రం అడగొద్దు.

రూల్సు తక్కువేం లేవు. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్లో ఒక పేపరు రావాలని యూజీసీ వాళ్ళు 2009లో పెట్టినారు, 2022లో తీసేసినారు. శాంపిల్ తీసుకున్న ఊరికి పోయి ఏం తేలిందో ఒక్క ముక్క చెప్పి రావాలని పెట్టిందీ లేదు, తీసిందీ లేదు. 2017 జనవరిలో సైన్స్ కాంగ్రెస్ ఇక్కడే జరిగింది, ప్రధాని వచ్చినారు, నోబెల్ వాళ్ళు వచ్చినారు, ట్రాఫిక్ అంతా తిప్పేసినారు, మా సందులో టీ కొట్టు వాడు లోపల ఏం జరిగిందని అడిగితే "భోజనాలు బాగుండాయంట" అని చెప్పినా, నాకు తెలిసింది అంతే. 2018లో కేంద్రం వాళ్ళు పీహెచ్‌డీ పిల్లోళ్ళు తమ పనిని మామూలు జనానికి అర్థమయ్యేలా రాస్తే మొదటి బహుమతి లక్ష రూపాయలు అని పోటీ పెట్టినారు, పేరు అవసర్. మా షాపుకి వచ్చిన ఒక పిల్లోడు "అది మనకి అవసరమా అన్నా" అన్నాడు. వాడిని నేను తప్పు పట్టను, వైవా అనే ఆఖరి నోటి పరీక్ష డేట్ కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగి ఉండాడు.

అసలు ఈ లేఖ రాయడానికి కారణం పోయిన నెల వచ్చిన పాప. ఐదు కాపీలు, అర్జెంటు. వెనకాల వాళ్ళ నాయన, పంచె, భుజాన తువ్వాలు, పుంగనూరు పక్క పల్లె. పాప పని బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మీద. నేను ప్రెస్ బిగిస్తా ఉంటే పెద్దాయన తమరిని చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఏముంది సామీ ఇందులో, ఐదేండ్లు రాసింది" అని నన్ను అడిగినాడు. పాపని అడగలేదు, నన్ను! పాపే తమరిని తెరిచి ఒక మ్యాపు చూపించింది, ఎరుపు చుక్కలు, పచ్చ చుక్కలు. "ఇది మనూరు నాయనా" అని ఒక చుక్క మీద వేలు పెట్టింది. పక్కన ఊరి పేరు లేదు, ఎస్-17 అని శాంపిల్ నంబరు ఉంది.

ఆయన చానాసేపు చూసి, "మన బోరా" అన్నాడు.

పాప చెప్పబోయింది. పీపీఎం అనింది, పర్మిసిబుల్ లిమిట్ అనింది, సీజనల్ వేరియేషన్ అనింది, ఆగిపోయింది. నాకు నవ్వు రాలేదు. సబ్జెక్టు ఆ పిల్లకి తెలుసు, కానీ ఐదేండ్లలో నాయనతో ఆ మాట మాట్లాడాల్సిన అవసరం ఎవురూ కల్పించలేదు. ఆయన అడిగినవి మూడే, తాగొచ్చా, కాచితే పోతుందా, చిన్నబిడ్డలకు ఏమన్నా అవుతుందా. తమరి రెండువందల చిల్లర పేజీల్లో ఈ మూడింటికీ జవాబు ఉందంట, మూడు వేరే వేరే చాప్టర్లలో.

"మ్యాపు కాయితం ఒకటి జిరాక్స్ తీసీ సామీ" అన్నాడు పెద్దాయన. తీసినా. మామూలు జిరాక్స్ గదా, ఎరుపు చుక్కా పచ్చ చుక్కా రెండూ నల్లగానే వచ్చినాయి. ఏది మంచిదో ఏది చెడ్డదో ఇంక ఆ దేవుడికే తెలియాల. కలర్ తీద్దామని మిషన్ ఆన్ చేస్తా ఉంటే పాప ఆ నల్ల కాయితమే తీసుకుని వెనక్కి తిప్పి నా బాల్‌పెన్ను అడిగింది. ఇరవై నిమిషాలు పట్టింది. గాఢత అని రాసి కొట్టేసింది, దంత క్షయం అని రాసి అది కాదు ఇది వేరే అని మళ్ళీ కొట్టేసింది. చివరికి ఇట్ల రాసింది: మన ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు, మనది అదీ దాటింది. కాచితే పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా ఎక్కువవుతుంది. చిన్నబిడ్డలకు ఈ నీళ్ళు పట్టొద్దు, పండ్లు మచ్చలు పడి గారపడతాయి. ఇది ఎవరో కలిపింది కాదు, మన గ్రానైటు రాళ్ళలోంచి నీళ్ళలోకి వస్తుంది.

ఐదు లైన్లు! ఐదేండ్ల పని. కింద సంతకం పెట్టబోయి ఆగింది, ఇంకా డాక్టరేట్ రాలేదు గదా అని. "మన పేరు పెట్టు చాలు" అన్నాడు వాళ్ళ నాయన.

తిప్పి మ్యాపులో ఎస్-17 పక్కన ఆ ఊరి పేరు నేనే రాసినా. తమరి మీద రాసినందుకు క్షమించాల, జిరాక్స్ మీదే లెండి, ఒరిజినల్ ముట్టుకోలేదు. పాప బ్యాగులోంచి డబ్బులు తీయబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి రెండు రూపాయలు తానే ఇచ్చినాడు, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, తమరి ఐదు కాపీల సంచి మాత్రం పాపకే ఇచ్చి బస్టాండుకి బయల్దేరినాడు.

ఇట్లు,
తమరి బైండరు

తా.క.: మూడేండ్ల కింద కుట్టిన, ఎర్రచందనం మీద రాసిన థీసిస్ కాపీ ఒకటి, అట్ట మీద స్పెల్లింగు తప్పు పడి ఎవురూ తీసుకుపోలేదు, షాపులోనే ఉంది. కరెంటు పోయినప్పుడు దాంతోనే విసురుకుంటా ఉన్నా, కావాల్సినోళ్ళు వచ్చి తీసుకుపోవచ్చు.