హమ్ వస్తే ఎర్త్ పిన్ను పీకమన్నది ఎవరు?

"ట్యూబ్ ఆంప్ గుంయ్‌మంటోందా? ఎర్త్ పిన్ను తీసేయండి, పోతుంది. పోకపోతే ట్యూబులన్నీ మార్చండి. మోత 120 హెర్ట్జ్ అయితే కెపాసిటర్లు పోయినట్టు. తీగలు ముట్టుకోగానే మోత తగ్గితే మీ గిటార్‌లో ఎర్తింగ్ లేనట్టు. ప్లగ్ పీకేశాక లోపల చెయ్యి పెట్టినా ఏం కాదు."

గిటార్ శబ్దాన్ని పెంచే ట్యూబ్ (వాల్వ్) ఆంప్లిఫైయర్లలో వచ్చే ఈ మోతకు, అంటే హమ్‌కు, గిటారిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా ఇది. ఈ నెలలో నాకే ముగ్గురు పంపారు. మొదటిదీ చివరిదీ ప్రాణాల మీదికి తెచ్చేవి.

ముందు ఎర్త్ సంగతి. పిన్ను తీస్తే ఒక్కోసారి హమ్ నిజంగానే తగ్గుతుంది. అందుకే ఈ సలహా ఇంకా బతికుంది. ఆంప్ ఒక సాకెట్లో, మిక్సర్ ఇంకో సాకెట్లో ఉన్నాయనుకోండి. రెండూ గోడలోని ఎర్త్ తీగ ద్వారా ఒకసారి, ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ద్వారా మరోసారి కలుస్తాయి. ఆ చుట్టులో తిరిగే కాస్త కరెంటే మనకు హమ్‌గా వినిపిస్తుంది. పిన్ను తీస్తే చుట్టు తెగుతుంది. దాంతోపాటు మీకున్న రక్షణా తెగుతుంది. గిటార్ తీగలు బ్రిడ్జి (గిటార్ మీద తీగలను పట్టి ఉంచే లోహపు భాగం) నుంచి, కేబుల్ షీల్డు మీదుగా ఆంప్ చాసిస్‌కు, అంటే దాని లోహపు చట్రానికి, కలిసే ఉంటాయి. లోపల ఎక్కడైనా ఫేజు చాసిస్‌కు తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజో ఎంసీబీయో ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టులు మీ వేళ్ల కింద కాచుక్కూర్చుంటాయి, పెదవులు మైకుకు తగిలేదాకా. స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్సీ వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

మందు చాలా చవక. ఆంప్, మిక్సర్, పెడల్ అడాప్టర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టె), అదీ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, వాడండి. దాని గ్రౌండ్ లిఫ్ట్ మీట తెంపేది సిగ్నల్ షీల్డును, కరెంటు ఎర్త్‌ను కాదు. (మీ ఇంటి ఎర్త్ గుంతలో చివరిసారి నీళ్లు పోసిందెప్పుడు? అదీ ఒకసారి చూసుకోండి.)

ఇక 120 హెర్ట్జ్. ఇది అమెరికా లెక్క. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఆంప్ లోపల రెక్టిఫై అయ్యాక (ఏసీ నుంచి డీసీకి మారాక) మిగిలే మోత దానికి రెట్టింపు. మన దగ్గర 50, 100. ఎవరో అక్కడిది ఎత్తి ఇక్కడ అతికించారు. మీటరు లేకపోయినా చెవితో పట్టుకోవచ్చు. ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్. శ్రుతి సరిగ్గా ఉంటే, అది మీటినప్పుడు 100 హెర్ట్జ్ హమ్‌తో కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. మోత కరకరమంటూ ఆ స్వరం దగ్గరే ఉంటే అనుమానం ఫిల్టర్ కెపాసిటర్ల (కరెంటును దాచుకుని, దాని ఊగుడును సాఫు చేసేవి) మీదికి పోవాలి. అంతకంటే ఒక ఆక్టేవ్ కింద, మెత్తగా ఉంటే ట్యూబులను వేడిచేసే హీటర్ తీగలు గానీ, ఎర్త్ చుట్టు గానీ కారణం.

ట్యూబుల మాట. ఒక చర్చి బ్యాండు కుర్రాడు 15 వాట్ల కాంబో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) నా దగ్గరికి తెచ్చాడు. రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు, మూడు 12ఏఎక్స్7 చిన్న ట్యూబులు, అయిదూ కొత్తవి వేయించాడు. "అన్నా, డబ్బులు పోయాయి గానీ మోత పోలేదు" అన్నాడు. గిటార్ కేబుల్ పీకేశాను, మోత ఉంది. వాల్యూమ్ సున్నా చేశాను, ఇసుమంత కూడా తగ్గలేదు. అంటే వాల్యూమ్ నాబ్ తర్వాతే ఎక్కడో. ఆంప్ ఆపి, పవర్ ట్యూబుల ముందుండే 12ఏఎక్స్7 తీసేసి, అది లేకుండానే ఆంప్ మళ్లీ ఆన్ చేశాను. అప్పుడూ అదే మోత. లోపల చూస్తే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ తల పూరీలా ఉబ్బి ఉంది. ట్యూబులు ఎప్పుడూ నిర్దోషులే అనను. పవర్ ట్యూబుల జంటలో ఒకటి నీరసిస్తే, రెండూ కలిసి రద్దు చేయాల్సిన 100 హెర్ట్జ్ బయటపడుతుంది. కానీ ముందు వెతకాలి, తర్వాత కొనాలి.

తీగలు ముట్టుకుంటే మోత తగ్గడం మామూలే. గాల్లోని రొదను మీ ఒళ్లే యాంటెనాలా పట్టి గిటార్‌కు అందిస్తుంది, తీగల ఎర్త్ దాన్ని మింగేస్తుంది. ముట్టుకుంటే పెరిగితే అప్పుడు బ్రిడ్జిని ఎర్త్‌కు కలిపే వైరు ఊడిందేమో చూడాలి.

చివరిది, ప్లగ్ పీకాక చెయ్యి పెట్టడం. ఆ కాంబోనే ప్లగ్ పీకి, టీ తాగి వచ్చి మీటరు పెడితే ఉబ్బిన కెపాసిటర్ పక్కదాంట్లో 280 వోల్టులున్నాయి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఆ కెపాసిటరుకు తగిలించి, మీటరు సున్నా దగ్గరికి వచ్చాకే స్క్రూడ్రైవర్ అందుకున్నాను.