మూడు లైన్ల ప్యాచ్, మూడు రాత్రులు

మారతహళ్లి పీజీలో కూర్చుని లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) మూడంటే మూడు లైన్ల ప్యాచ్, అదే కోడ్ సవరణ, పంపా. వాళ్లకి ప్యాచులు మెయిల్లోనే పంపాలి. మా ఆఫీసు మెయిల్ సర్వరు మహాతల్లి కోడ్‌లో ట్యాబులన్నీ స్పేసులు చేసి, కింద "ఈ మెయిల్ గోప్యం" అని తోక కూడా తగిలించింది. అవతల ప్యాచులు చూసే మెయింటెయినర్ ఒకటే ముక్క: కోడ్‌కి అప్లై కావట్లేదు. వీ2 (రెండో వెర్షన్) పంపితే మెయిల్ ఉత్త టెక్స్ట్ కాదు, హెచ్‌టీఎంఎల్ ఉందని తిరుగుటపా.

పక్క మంచం గుంటూరోడు "గిట్‌హబ్ వెబ్‌సైట్లో పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమనే అర్జీ) కొట్టి పడుకోరా" అంటాడు. అక్కడున్నది ఉత్త నకలేరా, అక్కడ తీసుకోరు అంటే వినడే! 2005లో గిట్ (కోడ్ మార్పుల చిట్టా రాసే సాధనం) పుట్టిందే ఈ కెర్నల్ వాళ్ల కోసం. పోనీ వెబ్‌సైటే సుఖమా? ఫోర్స్ పుష్ కొడితే (పాత వెర్షన్ మీద కొత్తది రుద్దితే) పాత కామెంట్లు వెతుక్కోవాలి. మెయిల్లో అయితే తిట్లు కూడా లైను కింద లైను భద్రంగా ఉంటాయి.

సరే, సొంత మెయిల్ నుంచి, ప్యాచుని నేరుగా మెయిల్ చేసే గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్‌తో వీ3. పీజీ వైఫైలో మెయిల్ బయటికెళ్లే 587 పోర్టు మూసేశారట!